సమస్యాపూరణం: తిన్న పండె చేత నున్నదయ్య

సమస్య (ఆటవెలది నాలుగో పాదం; ముందు మూడు పాదాలూ పూరించాలి): తిన్న పండె చేత నున్నదయ్య

నిర్వాహకుడు: 1989లో గంగై అమరన్ తీసిన తమిళ సినిమా ‘కరగాట్టక్కారన్’ చూసినవాళ్ళెవరూ హాస్యనటులు గౌండమణి, సెంథిల్‌ల అరటిపండు గొడవ మరిచిపోరు. గౌండమణి రెండు పళ్ళు తెమ్మంటే సెంథిల్ ఒకటి తినేసి ఒక్కటే తెస్తాడు. ఇంకోటేదని అడిగితే ‘ఆ ఇంకోటే ఇది అణ్ణే (అన్నా)’ అంటాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అదే అమాయకపు మొహం. ఇద్దరు మనుషులు, ఒక పండు, అంతే! పెద్ద సెట్టు లేదు, ఆర్భాటం లేదు. నాకు ఆ కాలపు తమిళ హాస్యం మీద ప్రేమంతా అక్కడే. పాదంలో తిన్న–నున్న ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం), గమనించండి.

చెన్నపట్నం:
రెండు తెమ్మటంచు రెంటికి సొమ్మిచ్చె
నన్న, బంటు దారి నారగించె
నొకటి, వేరె దేది? యొక్కటే కద! యన
తిన్న పండె చేత నున్నదయ్య!

నిర్వాహకుడు: సంభాషణ పద్యంలో చక్కగా ఒదిగింది. ‘బంటు’ మాత్రం ఒప్పుకోను. వాళ్ళిద్దరూ ఒకే కరగాట్టం (తల మీద కుండ పెట్టుకుని ఆడే ఆట) మేళం వాళ్ళు. ఎన్ని తన్నులు తిన్నా సెంథిల్ పిలుపు ‘అణ్ణే’ అనే కదా! ‘నన్న, తమ్ముడందు నారగించె’ అంటే గణాలూ యతీ చెడవు, ఆ చనువూ నిలుస్తుంది.

చెన్నపట్నం: నిజమేనండీ, మార్చుకున్నాను. ‘అన్న’ పక్కన ‘తమ్ముడు’ నాకెందుకు తోచలేదో!

పూదోట: నేను ఇంకో దారిలో వెళ్ళాను.
నేల మీద నాడు నిండుగా నవ్విన
నవ్వు పండు నేడు నాదు ఫోను
లోన మరల దొరికె, లోకులార! వినుడు
తిన్న పండె చేత నున్నదయ్య!
గుమ్మిడిపూండి దగ్గర మా ఊరి టెంటు కొట్టాయిలో (డేరా సినిమా హాల్లో) ఆ సినిమా చూశాను. ముందు ఎవరైనా పొడుగువాళ్ళు కూర్చుంటే ఇసుక గుట్టగా పోసుకుని దాని మీద ఎక్కేదాన్ని. నవ్వీ నవ్వీ గుట్ట కూలిపోయేది, మళ్ళీ పోసుకునేదాన్ని. మా అమ్మకు తమిళం అంతంత మాత్రమే. పండు దగ్గర మాత్రం నా కంటే ముందు నవ్వేది.

చెన్నపట్నం: నవ్వును పండు చేశారు, ఫోనును చెయ్యి చేశారు, భలే పూరణండీ! ఒక్క మాట. ‘లోకులార వినుడు’ బహువచనం, చివర ‘అయ్య’ ఏకవచనం. ‘లోటేమి? మిత్రమా!’ అంటే సరిపోతుంది.

నిర్వాహకుడు: అమ్మా, వచనంలో అంత మంచి ఇసుక గుట్ట పెట్టుకుని పద్యంలో ఉత్త ‘నేల’తో సరిపెట్టారేం? దాన్ని పద్యంలోకి తెండి.

పూదోట: ప్రయత్నించాను, చూడండి.
ఇసుక గుట్ట పైన నింపుగా నవ్విన
నవ్వు పండు నేడు నాదు ఫోను
లోన మరల దొరికె, లోటేమి? మిత్రమా!
తిన్న పండె చేత నున్నదయ్య!