జీపీఎస్ ‘ట్రాక్’ని తెలుగులో ‘జాడ’ అందామా? సఖినేటిపల్లి పంటు మీద తోచిన మాట

అందరికీ నమస్కారం. ఒక్క మాట మీద మీ అభిప్రాయం కావాలి.

మా మేనల్లుడు కోనసీమ లంకల్లో తిరుగుతూ రేవులు, పుంతలు, గట్టు దారులు మ్యాపులోకి ఎక్కిస్తుంటాడు. వాడి కోసం జీపీఎస్ సాఫ్ట్‌వేర్ వాడే పద్ధతి నాలుగు పేజీలు తెలుగులో రాసిచ్చాను. అందులో ట్రాక్‌కీ ‘మార్గం’ అనే రాశాను, రూట్‌కీ ‘మార్గం’ అనే రాశాను. ‘పని అయ్యాక పాత మార్గాలు తీసేయాలి’ అని ఉన్నచోట వాడు రెండు రోజుల ట్రాక్‌లు తీసేశాడు. ఎండలో తిరిగిన రెండు రోజుల పని పోయింది. వాడి తప్పేం లేదు. నేను రాసిన మాట సరిగ్గా లేదు.

తెలియనివాళ్ల కోసం కాస్త వివరం. జీపీఎస్ సాఫ్ట్‌వేర్లు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకునే ఫైలుని జీపీఎక్స్ అంటారు. అందులో మూడు రకాల సంగతులుంటాయి. వేపాయింట్ అంటే మనం గుర్తుపెట్టుకున్న ఒక చోటు: రేవు, లాకు, వంతెన మొదలు. రూట్ అంటే ఇలా వెళ్లాలి అని ముందే గీసుకున్నది. ట్రాక్ అంటే వెళ్లాక మిగిలినది. ఏ క్షణంలో ఎక్కడున్నామో ఆ చుక్కల వరస. రూట్ పోతే మళ్లీ గీసుకోవచ్చు. ట్రాక్ పోతే మళ్లీ వెళ్లి తిరగాల్సిందే.

పోయిన నెల మా బావగారి కారులో రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం, పి.గన్నవరం, రాజోలు మీదుగా నరసాపురం వెళ్లాను. ఒళ్లో పాత ల్యాప్‌టాప్, పది అంగుళాల తెర, 1 జీబీ ర్యామ్. దాంట్లో క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ వేసుకున్నాను. డెల్టా మ్యాపు ముందే ఇంట్లో దించుకున్నాను కాబట్టి దారిలో నెట్ అవసరం లేదు. యూఎస్‌బీ జీపీఎస్ బిళ్ల అయస్కాంతంతో కారు పైకప్పుకి అతుక్కుని ఉంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగు దానికి వినబడితే చాలు, మనం ఎక్కడున్నామో చెప్పేస్తుంది. ఫోన్ సిగ్నల్ లేని లంకలో కూడా చెబుతుంది.

భాష మీద ప్రేమ ఉన్నవాళ్లకి నచ్చే సంగతి ఇంకొకటుంది. ఆ బిళ్ల ల్యాప్‌టాప్‌కి పంపే ఒక్కో వరసని ఆ రంగంలోనే ‘వాక్యం’ అంటారు. ప్రతి వాక్యం డాలరు గుర్తుతో మొదలవుతుంది. 82 అక్షరాలు దాటకూడదు. సెకనుకోసారి వాక్యాలు వస్తూనే ఉంటాయి: టైము ఇంత, అక్షాంశం ఇంత, రేఖాంశం ఇంత అని. గతం, భవిష్యత్తు వాటికి లేవు. ఇప్పుడు ఇక్కడ ఉన్నాను అన్నదొక్కటే చెబుతాయి. వాటిని కూడబెట్టి గీత చేసేది సాఫ్ట్‌వేరు.

సఖినేటిపల్లి రేవులో పంటు కోసం ఆగాం. పంటు అంటే మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పెద్ద పడవ. రేవు నుంచి రేవుకి నేను ముందే రూట్ గీసుకుని ఉన్నాను, వశిష్ఠ గోదావరి మీద ఒక తిన్నని గీత. పంటు నిండేదాకా ఆగిన ఇరవై నిమిషాలూ తెర మీద చుక్కలు ఒక్కచోటే కుప్పపడ్డాయి. కదలకపోయినా ఆ చుక్క రెండు మూడు మీటర్లు అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది. తర్వాత పంటు కదిలింది. సముద్రం పోటు మీద ఉంది, నీళ్లు ఎగువకి తోస్తున్నాయి. పంటు నడిపేవాళ్లు ఆ తోపుకి సరిపడా ముక్కు దిగువకి తిప్పి పట్టుకెళ్లారు. తెర మీద ట్రాక్ కొడవలిలా వంగింది. రూట్ మాత్రం పక్కనే తిన్నగా ఉంది. రెండూ ఒకే రేవులో మొదలై ఒకే రేవుకి చేరాయి గానీ ఒక్కటి కాదు.

ఒడ్డు చేరాక వెనక్కి చూస్తే గోదావరి మీద ఏమీ లేదు. పంటు లేపిన అల కూడా సర్దుకుంది. తెర మీద మాత్రం కొడవలి గీత అలాగే ఉంది. ‘జాడ’ అన్న మాట నాకు అప్పుడు తోచింది.

అడుగుజాడ, బండిజాడ, పాము జాడ. మనిషో బండో పురుగో వెళ్లిపోయాక మిగిలేదే జాడ. వెళ్లకముందు జాడ ఉండదు. దారి అలా కాదు, మనం నడవకపోయినా దారి దారే. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే వరదలో మునిగితే దారి పోయింది అంటాం. మే నెలలో దాని మీద నడిచిన జాడ మాత్రం ఫైలులో పదిలంగానే ఉంటుంది. ఆ జాడని నమ్ముకుని ఆగస్టులో బండి దింపితే ప్రమాదం. డెల్టాలో ఈ రెండు మాటలూ కలిసిపోకూడదు అనడానికి నాకు ఇదొక్కటి చాలు.

కాబట్టి రూట్‌కి దారి, ట్రాక్‌కి జాడ. ఏమంటారు?

*

అమలాపురం నుంచి ఒక టీచరుగారు: జాడ అనగానే ‘పిల్లాడి జాడ తెలియలేదు’ అన్నది గుర్తొచ్చి మనసు కీడు శంకిస్తుందండీ. ‘నడిచిన దారి’ అంటే పోదా?

నా జవాబు: మీరన్నది నిజమేనండీ, ఆ నీడ ఆ మాటకి ఉంది. కానీ జాడ తెలియలేదు అన్నప్పుడు కీడు వినబడేది ‘తెలియలేదు’లో. జాడ దొరికింది అంటే ప్రాణం లేచొస్తుంది కదా. ‘నడిచిన దారి’ పంటుకి పొసగదు. సాఫ్ట్‌వేర్ మెనూలో అంత పొడుగు మాట పట్టదు కూడా.

రాజమహేంద్రవరం మిత్రులొకరు: పాత కావ్యాల్లో జాడ అంటే విధం, మార్గం అనే అర్థాలు కూడా ఉన్నాయి. మీరు గీసిన గీత అక్కడ నిలవదు.

నా జవాబు: ఒప్పుకుంటాను. అయితే ఈ రోజు మా వీధిలో ఎవరినడిగినా జాడంటే వెనక మిగిలినదే. మెనూ వాళ్ల కోసం.

కాకినాడ నుంచి ఒక కుర్రాడు: అన్నా, ట్రాక్ అనే ఉంచేయొచ్చుగా? అందరికీ తెలిసిన మాటే.

నా జవాబు: తమ్ముడూ, తెలిసిన మాట కాబట్టే చిక్కు. తెలుగులో ట్రాక్ అంటే రైలు ట్రాక్. ముందే వేసి ఉంటుంది, బండి దాని మీదే పోవాలి. ‘ట్రాక్ తప్పాడు’ అంటాం. అంటే మన నోట్లో ట్రాక్ అన్నది ఇంచుమించు రూట్ అర్థానికి జరిగిపోయింది. జీపీఎస్ ట్రాక్ దానికి పూర్తిగా తిరగబడ్డ సంగతి, దాన్నుంచి తప్పడం అనేదే ఉండదు. మా మేనల్లుడు నా ‘మార్గం’తో పడ్డ తికమకే నీ ‘ట్రాక్’తో ఇంకొకరు పడతారు.

ఇంకో సంగతి. 2000 మే నెల దాకా అమెరికా మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలనే చెడగొట్టి ఇచ్చేది. తేడా 100 మీటర్ల దాకా వచ్చేది. ఆ రోజుల్లో ఏటిగట్టు మీద నడిచినవాడి జాడ మ్యాపులో ఏటి మధ్యన పడేది. అడుగుజాడ అబద్ధం చెప్పదు గానీ జీపీఎస్ జాడ కాస్త చెబుతుందని పిల్లలకి చెప్పి ఇవ్వాలి. ఆ మాట నా పేజీల్లో లేదు, చేరుస్తాను.

నరసాపురం నుంచి ఒక పెద్దాయన: ఆయ్, జాడ బావుందండీ. మరి వేపాయింట్‌కి ఏం రాశారు? ‘గుర్తు’ అని రాసుంటే మార్చండి. హనుమంతుడు సీతమ్మకి చూపించింది ఆనవాలు. చూడగానే ఇదే అని తెలియాలి, అది ఆనవాలు.

నా జవాబు: ‘గుర్తు’ అనే రాశానండీ. రేవుకి పడవ గుర్తు, గుడికి గోపురం గుర్తు అని అదే పేజీలో బొమ్మలకి కూడా ‘గుర్తు’ వాడానని మీరు చెప్పాక చూసుకున్నాను. ‘గుర్తుకి గుర్తు పెట్టండి’ అని ఒకచోట ఉంది. మార్చేశాను. ఇప్పుడు ‘ఆనవాలుకి గుర్తు పెట్టండి’ అని ఉంది.

ఇంకొక్కటి మిగిలింది. కొబ్బరితోటల కిందో వంతెన కిందో సిగ్నల్ పోతే ట్రాక్ మధ్యలో ఖాళీ వస్తుంది. మేనల్లుడు ఫోన్లో, “మావయ్యా, బోడసకుర్రు దగ్గర జాడ తెగింది” అన్నాడు. నేను ‘అంతరాయం’ అని రాసి ఉంచాను. ‘తెగింపు’ అందామంటే అది ధైర్యం అయిపోతుంది. మీ ఊళ్లో ఏమంటారో రాయండి.