‘గుర్తించలేదు’ అంటే ఆనవాలు పట్టలేదనా, ఒప్పుకోలేదనా?

ప్రశ్న: ‘తాలిబన్లను గుర్తించని దేశాలు’ అని రాస్తుంటాం. గుర్తించడమంటే ఆనవాలు పట్టడం కదండీ. ఆడపిల్లల చదువు ఆపేసిన ప్రభుత్వాన్ని కాదనడానికి ఈ క్రియ చాలుతుందా? ‘వెలివేశాయి’ అనవచ్చా?

జవాబు: వెలి వద్దండీ. వెలివేస్తే మాటామంతీ కూడా ఉండవు. ఇక్కడ అవి ఆగలేదు. మన దేశం 2022 జూన్‌లో కాబూల్‌కు సాంకేతిక బృందాన్ని పంపింది. 2025 అక్టోబరులో దాన్ని రాయబార కార్యాలయంగా మార్చింది, గుర్తింపు మాత్రం ప్రకటించలేదు. ‘గుర్తించలేదు’ బదులు ‘గుర్తింపు ఇవ్వలేదు’ అనండి. బడికి, యూనియన్‌కి, పార్టీకి గుర్తింపు ఇవ్వడం, రద్దు చేయడం మనకు వాడుకే.

అసలు తప్పు వాక్యంలోని కర్మ దగ్గర, అంటే గుర్తింపు దేనికి అన్న చోట, జరుగుతుంది. ‘ఆఫ్ఘనిస్తాన్‌కు గుర్తింపు లేదు’ అంటే రాజ్యమే లేదన్నట్టు. రాజ్యాన్ని ఎవరూ కాదనలేదు. 2021 ఆగస్టు 15న కాబూల్ చేజిక్కించుకున్న ప్రభుత్వం సంగతి ఇది. ఐక్యరాజ్య సమితిలో ఆ దేశం కుర్చీ అలాగే ఉంది, ఆ తర్వాత కూడా అందులో కూర్చున్నది పాత ప్రభుత్వ ప్రతినిధులే.

ఇంకొకరు: ‘కృషికి తగిన గుర్తింపు’ అన్నప్పుడు అది మెప్పు. 2025 జూలై 3న రష్యా అందరికంటే ముందు గుర్తింపు ఇచ్చిందంటే, శభాష్ అన్నట్టు వినిపించదా?

జవాబు: వినిపిస్తుంది. ఈ చిక్కు తెలుగుకే కాదు. కంబోడియాలో పోల్ పాట్ ప్రభుత్వానికి ఇచ్చిన గుర్తింపును బ్రిటన్ 1979 డిసెంబరులో వెనక్కి తీసుకుంది. 1980 ఏప్రిల్‌లో అసలు ప్రభుత్వాలకు గుర్తింపు ప్రకటించే పద్ధతే మానేసింది. గుర్తింపు ఇస్తే మెచ్చుకున్నట్టు అనుకుంటున్నారు, మానవ హక్కులు కాలరాసే చోట ‘ఇది లాంఛనమే’ అన్నా జనం ఊరుకోవడం లేదు, అదీ వాళ్లు చెప్పిన కారణం. మెక్సికో 1930 నాటి ఎస్ట్రాడా సిద్ధాంతం ఇంకా ముందుది: రాయబారిని ఉంచుకోవడమో వెనక్కి పిలవడమో తప్ప గుర్తింపు ఊసే ఎత్తకూడదు.

అనువదించే ముందు జరిగిన పని ఏమిటో చూసుకోవాలి. 2024 జనవరి 30న చైనా అధ్యక్షుడు తాలిబన్ రాయబారి నియామక పత్రాలు స్వీకరించారు. అంతవరకే రాయాలి, చైనా గుర్తింపు ప్రకటించలేదు. ‘నిరాకరించింది’ అన్నది నోరు తెరిచి కాదన్నప్పుడే. మౌనంగా ఉంటే ‘ఇవ్వలేదు’. ‘సంబంధాలు తెంచుకుంది’ పూర్తిగా వేరే పని.

ప్రశ్న వేసినవారు: అయితే ఇలా రాస్తాను: ‘ఆడపిల్లల చదువు ఆపేసినందుకు తాలిబన్ ప్రభుత్వానికి గుర్తింపు ఇవ్వని దేశాలు’.

జవాబు: బాగుంది. ‘చదువు’ దగ్గర ఇంకొంచెం బిగించండి, ‘ఆరో తరగతి దాటాక’ అని. 2022 మార్చి 23న హైస్కూళ్లకు పుస్తకాల సంచులతో వచ్చిన పిల్లల్ని ఆ రోజే ఇంటికి పంపేశారు. డిసెంబరులో ఆడపిల్లలకు యూనివర్సిటీలూ మూతపడ్డాయి. గుర్తింపు ఎందుకు ఇవ్వలేదో ఆ వాక్యంలోనే కనబడాలి.