స్వయంప్రకాశమా, సొంత వెలుగా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. ‘స్టార్ ట్రెక్’లో ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక ఉంటుంది కదా, దాని బొమ్మను ఎలా కట్టారు, లైటింగ్ ఎలా చేశారు అన్నది హైస్కూలు పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. ఆ సీరియల్ అమెరికాలో 1966లో మొదలైంది. నౌక రూపం గీసింది మ్యాట్ జెఫ్రీస్. షూటింగుకు వాడిన పెద్ద బొమ్మ 11 అడుగులు. 1964లో చెక్క, ప్లాస్టిక్, రేకు కలిపి కట్టారు. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు.

చిక్కంతా 1979 సినిమాతో వచ్చింది. దానికోసం కొత్త బొమ్మ చేశారు, 8 అడుగులది. ఎఫెక్ట్స్ పని చూసిన డగ్లస్ ట్రంబుల్‌కి ఒక ఆలోచన వచ్చింది. నక్షత్రాల మధ్య ఎక్కడో పోతున్న నౌక మీద బయటి నుంచి లైటు వేసేదెవరు? దగ్గర్లో సూర్యుడు కూడా ఉండడు. కాబట్టి రాత్రి నడిసముద్రంలో ప్రయాణికుల ఓడ తన దీపాలతో తాను కనిపించినట్టే ఇదీ కనిపించాలన్నాడు. నౌక ఒంటి మీద చిన్న దీపాలుంటాయి. వాటి వెలుగు మళ్లీ ఆ ఒంటి మీదే, పేరు మీద, అంకెల మీద పడుతుంది. దీన్ని నేను ‘స్వయంప్రకాశం’ అని రాశాను. మా అమ్మాయి చదివి, “నాన్నా, ఇది నౌకా, పరమాత్మా?” అంది. ఏం రాయమంటారు?

జవాబు:
అమ్మాయి సరిగ్గానే పట్టుకుంది సార్. వేదాంతం పక్కన పెట్టినా ఆ మాట కుదరదు. ముప్పై ఏళ్లు బళ్లో ఫిజిక్స్ చెప్పినవాణ్ని. సూర్యుడు స్వయంప్రకాశం, చంద్రుడు కాదు అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మీ నౌకలో ఇద్దరూ ఉన్నారు. దీపాలు సూర్యుడి జాతి, వాటి వెలుగు పడి కనిపించే ఒళ్లు చంద్రుడి జాతి. స్వయంప్రకాశం అంటే పిల్లలు ఆ ఒళ్లే గడియారంలో రేడియం ముల్లులా మెరుస్తుందనుకుంటారు.

జవాబు:
‘ఆత్మదీప్తి’ ఎలా ఉంటుంది? లేదా ‘స్వదీప్త నౌక’?

ప్రశ్న వేసినవారు:
ఆత్మదీప్తి ఆశ్రమం పేరులా ఉందండీ. రెండోది పలికి చూశాను, మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

జవాబు:
అన్నయ్య గారూ, సంస్కృతం దాకా ఎందుకు, మన క్రియలు చూడండి. దీపం వెలుగుతుంది. దాన్ని మనం వెలిగిస్తాం. గదికి వచ్చేసరికి “గది వెలుగుతోంది” అనం, “గదిలో వెలుగు పడింది” అంటాం. అంటే వెలగడం దీపానిది, వెలుగు పడటం వస్తువుది. మాస్టారు చెప్పిన సూర్యుడు, చంద్రుడు భాషలోనే ఉన్నారన్నమాట. అయితే మధ్యలో ఇంకో మాట ఉంది: వెలిగిపోవడం. దీపావళికి వీధి వెలిగిపోతుంది. ఉద్యోగం వచ్చిన రోజు పిల్లవాడి మొహం వెలిగిపోతుంది. వీధి దీపం కాదు, మొహమూ దీపం కాదు. కానీ చూసేవాళ్లకు ఆ వెలుగు దానిదే అనిపిస్తుంది. మీకు కావాల్సింది సరిగ్గా ఇదే కదా? “తన దీపాలతో తానే వెలిగిపోతున్న నౌక.”

ఇంకో సంగతి. దీపం కింద చీకటి అని సామెత. దీపం ఊరందరికీ వెలుగిచ్చినా తన కుదురుకు ఇవ్వలేదు. ఆ సినిమావాళ్లు సామెతను తిరగేశారు!

ప్రశ్న వేసినవారు:
పూర్తిగా తిరగేయలేకపోయారమ్మా, అసలు తమాషా అక్కడే ఉంది. బొమ్మలో పెట్టిన దీపాలు కావలసిన ప్రతి చోటా పడలేదు. అందుకని పళ్ల డాక్టర్లు వాడే బుల్లి అద్దాలతో బయటి లైటును తిప్పి, నౌక ఒంటి మీద చిన్న చిన్న వెలుగు మచ్చలు వేశారు. తెర మీద చూస్తే అవి నౌక దీపాలే అనిపిస్తాయి. కాబట్టి ‘స్వయం’ అనడం సైన్సు ప్రకారమే కాదు, షూటింగు ప్రకారమూ అబద్ధమే.

జవాబు:
అయితే ‘సొంత వెలుగు’, ‘అరువు వెలుగు’ అని జంటగా పెట్టండి. పాత సీరియల్లో స్టూడియో లైటు వేసి తీశారు కాబట్టి అది అరువు వెలుగు. కొత్త బొమ్మది సొంత వెలుగు. అద్దాలతో వేసింది సొంతమని చెప్పుకున్న అరువు. అరువు సొమ్ము బరువు చేటు అని మా అమ్మమ్మ అనేది గానీ, ఇక్కడ చేటేమీ జరిగినట్టు లేదు.

జవాబు:
నేను చాలా ఏళ్లు కెమెరా డిపార్ట్‌మెంట్‌లో చేశాను. సెట్లో వీటిలో ఒక్క మాట కూడా వినలేదు. కీ లైటు అంటే అసలు లైటు, బ్యాక్ లైటు అంటే వెనక నుంచి వేసేది, అంతే. బొమ్మను మినియేచర్ అంటాం. 1957లో ‘మాయాబజార్’ కోసం ద్వారకను బొమ్మ ఇళ్లతో కట్టి కరెంటు దీపాలు పెట్టినప్పుడు కూడా అది మినియేచరే. పిల్లలకు రాసేటప్పుడు సొంత వెలుగు బాగుంది, ఉంచండి. ‘పాస్’కి ఏం రాశారు? కెమెరాను ఒకే దారిలో మళ్లీ మళ్లీ నడిపి, ఒకసారి ఒళ్లు, ఒకసారి కిటికీ దీపాలు విడివిడిగా తీసి, తర్వాత కలుపుతారు కదా.

జవాబు:
దానికి ‘విడత’ చక్కగా సరిపోతుంది. మొదటి విడతలో ఒళ్లు, రెండో విడతలో కిటికీలు.

ప్రశ్న వేసినవారు:
విడత తీసుకున్నాను. ఇంకో రెండున్నాయి, ఓపిక పట్టండి. పాత బొమ్మకు మొదట్లో లోపల దీపాలు లేవు. మొదటి పైలట్, అంటే సీరియల్‌కు ముందు నమూనాగా తీసిన ఎపిసోడ్, అయ్యాక పెట్టారు. ఇంజను గొట్టాల ముందుండే గుండ్రటి మూతల్లో బల్బులు, తిరిగే మోటార్లు తర్వాత వచ్చాయి. వైర్లన్నీ బొమ్మ ఎడమవైపు నుంచి బయటికి తెచ్చారు. దాంతో ఆ వైపు పని పూర్తి చేయకుండా వదిలేసి, కుడివైపు నుంచే తీసేవారు. ఓడల భాషలో ఎడమవైపు పోర్ట్, కుడి స్టార్‌బోర్డ్. పోర్ట్ అంటే పిల్లలు ఓడరేవు అనుకుంటారని భయం.

జవాబు:
దాపల, వలపల! కాడికి కట్టిన ఎడ్లలో ఎడమది దాపల, కుడిది వలపల. మన నాన్నలు రోజూ వాడిన మాటలే.

జవాబు:
నాన్నలు వాడారు సార్, పిల్లలు ఎద్దునే చూడలేదు. ఎడమ, కుడి చాలు.

జవాబు:
దాపల ఒక్కసారైనా వాడండి, ప్లీజ్. వైర్లు దాపలి వైపు, అందం వలపలి వైపు. ఎంత బాగుంది!

ప్రశ్న వేసినవారు:
సరే, ఒక్కసారి వాడి, పక్కనే ఎడమ అని చెబుతాను. ఆ బొమ్మ 1974లో అమెరికాలో మ్యూజియాలు నడిపే స్మిత్సోనియన్ సంస్థకు చేరింది. బాగుచేసి 2016లో మళ్లీ వాషింగ్టన్‌లోని ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియంలో పెట్టారు. వెళ్లేవాళ్లు దాపలి వైపు కూడా తొంగి చూడాలి.

నౌక ముందుండే గుండ్రటి భాగాన్ని ‘సాసరు’ అంటారు, దానికి ఇబ్బంది లేదు. ఎగిరే పళ్లెం అని మనవాళ్లు ఎప్పుడో వాడేశారు కాబట్టి పళ్లెం అని రాశాను. చివరిది ‘నాసెల్’. ఆ ఇంజను గొట్టాలను జెఫ్రీస్ మనుషులుండే భాగానికి దూరంగా, కొమ్మల చివర పెట్టాడు. అంత శక్తి ఉన్న యంత్రం మనుషుల పక్కన ఉండకూడదన్నది అతని లెక్క. బాగుచేయాల్సినవన్నీ లోపలే ఉండాలి, బయట నున్నగా ఉండాలి అనేవాడు. కొందరు ‘యంత్రకోశం’ అన్నారు, నాకు నచ్చలేదు. రేపు పొద్దున పంపేయాలి, ఎవరికైనా మాట తడితే చెప్పండి.

జవాబు:
మీరే పైన రెండుసార్లు ‘ఇంజను గొట్టం’ అన్నారు. ఎవరూ అర్థం అడగలేదు.