ఓట్లు లేవని తెలిసినా అభిశంసన పెట్టమని ఎంపీ వెంట పడాలా?

బర్కత్‌పుర_బాబాయి:
మా ఇంట్లో మొదలైన గొడవ మీ ముందు పెడుతున్నాను. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది, అక్కడి పౌరసత్వం వచ్చి నాలుగేళ్లయింది. ట్రంప్‌ను అభిశంసించాలని తన నియోజకవర్గ ప్రతినిధి ఆఫీసుకు వారానికోసారి ఫోన్ చేస్తుంది. అటువైపు ఎవరో కుర్రాడు పేరు, జిప్ కోడ్ రాసుకుని థాంక్స్ చెప్పి పెట్టేస్తాడట. ఆ ప్రతినిధి అధ్యక్షుడి పార్టీవాడు కూడా కాదు, డెమొక్రాటే. అయినా ఇప్పుడు సమయం కాదంటాడట.

2025 జూన్‌లో అల్ గ్రీన్ అనే సభ్యుడు దిగువ సభలో అభిశంసన తీర్మానం తెస్తే, దాన్ని పక్కన పెట్టేద్దామని 344 మంది ఓటేశారు. కాదన్నవాళ్లు 79 మంది. ఆ 344లో 128 మంది డెమొక్రాట్లే. మా అమ్మాయి కోపమంతా ఆ 128 మీద.

నేనన్నాను, "గెలవని దానికి ఫోన్లెందుకమ్మా? దిగువ సభ దాటినా పై సభ సెనేట్‌లో 67 ఓట్లు కావాలి. 1868లో ఆండ్రూ జాన్సన్ ఒక్క ఓటు తేడాతో బయటపడ్డాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా సెనేట్ ఏ అధ్యక్షుణ్నీ దించలేదు" అని. దానికి అదేమందో తెలుసా? "నాన్నా, నువ్వు కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు చేశావు. ఫిర్యాదు రాకుండా ఏ లైన్‌మన్ అయినా స్తంభం ఎక్కాడా?"

నాకు జవాబు రాలేదు. మీకెవరికైనా వస్తే చెప్పండి.

ఇరానీ_చాయ్:
ఫిర్యాదు వచ్చినా ఎక్కలేదు బాబాయ్, మా వీధిలో.

నల్లకోటు_నల్లకుంట:
బాబాయ్ గారూ, మీరే రైటు. మనవాళ్లకు అభిశంసన అంటే అవిశ్వాసం లాగా వినిపిస్తుంది. 1999లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఆయన తప్పు చేశాడని ఎవరూ నిరూపించక్కర్లేదు, లెక్క తక్కువైంది, దిగిపోయాడు. అభిశంసన అలా కాదు. ఆరోపణ రాయాలి, విచారణ జరగాలి. ఆ గదిలో ఎంపీ సగం జడ్జి. మా కోర్టులో జడ్జి గారికి కక్షిదారు తాలూకు బంధువులు వారం వారం ఫోన్ చేస్తే ఏమంటారు?

మన 61వ అధికరణ చూడండి. రాష్ట్రపతిని అభిశంసించాలంటే సభలో నాలుగో వంతు మంది సంతకాలు, 14 రోజుల నోటీసు, రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతుల ఓట్లు. ఇంతవరకూ ఒక్కసారి కూడా వాడలేదు. కష్టంగా ఉండాలనే అలా రాశారు. జనం వేడి మీద ఉన్నప్పుడు కూడా సభ చల్లగా ఉండాలని.

ఇంకోటి. దక్షిణ కొరియాలో 2004 మార్చి 12న అధ్యక్షుడు రో మూ-హ్యూన్‌ను సభ 193-2తో అభిశంసించింది. జనానికి అది నచ్చలేదు, వీధుల్లోకొచ్చారు. నెల తర్వాత ఎన్నికల్లో ఆయన వైపున్న పార్టీకి 299లో 152 సీట్లు వచ్చాయి. మే 14న రాజ్యాంగ న్యాయస్థానం అభిశంసన కొట్టేసి ఆయన్ని మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టింది. కాబట్టి 'ఇప్పుడు కాదు' అనే ఎంపీ పిరికివాడే అయి ఉండాలని లేదు.

సియోల్_సిద్దిపేట:
నల్లకోటు సార్, కొరియా పేరెత్తారు కాబట్టి వచ్చాను. సగమే చెప్పారు మీరు. నేను ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాను. 2024 డిసెంబర్ 3 రాత్రి అప్పటి అధ్యక్షుడు యూన్ సక్-యోల్ మార్షల్ లా (సైనిక పాలన) ప్రకటించాడు. ఇంట్లోవాళ్లు హైదరాబాద్ నుంచి ఫోన్ మీద ఫోన్, బియ్యం ఉన్నాయా, బయటికి వెళ్లకు అని. తెల్లారేసరికి 190 మంది సభ్యులు లోపలికి చేరి 190-0తో దాన్ని ఎత్తేయమన్నారు. స్పీకర్ గోడ దూకి లోపలికి వెళ్లాడు, వయసు 67.

అసలు సంగతి 7వ తేదీది. అభిశంసనకు 300లో 200 ఓట్లు కావాలి. ప్రతిపక్షాలన్నీ కలిపినా 192. అంటే మీ బాబాయి గారి ప్రశ్నే, ఓట్లు లేవు. అయినా పెట్టారు. అధికార పార్టీవాళ్లు ఓటింగ్ ముందు లేచి బయటికి వెళ్లిపోయారు, ముగ్గురు తప్ప. ప్రతిపక్ష పార్టీ సభాపక్ష నాయకుడు పార్క్ చాన్-డే మైకులో లేనివాళ్ల పేర్లు చదివాడు. 105 పేర్లు, ఒక్కొక్కటిగా. బయట రోడ్డు మీద స్క్రీన్లలో చూస్తున్న జనం కూడా ప్రతి పేరూ గట్టిగా అరిచారు. స్పీకర్ రాత్రి 9 దాటేదాకా ఓటింగ్ మూయలేదు, ఎవరైనా వస్తారేమోనని. రాలేదు. 195 ఓట్లే పడ్డాయి. పెట్టె తెరవకుండానే తీర్మానం పోయింది.

ఆ రోజు నేను పక్కన ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. విదేశీయులు రాజకీయ కార్యకలాపాల్లో పాల్గొనకూడదని ఇక్కడి వలస చట్టం చెప్తుంది, వీసా పోతుందని భయం. చలికి వేళ్లు తెలియడం లేదు. నా పక్కన ఆడపిల్లలు సినిమా హాల్లో లాగా రంగు లైట్ల కర్రలు ఊపుతూ పాటలు పాడుతున్నారు. రాలేనివాళ్లు అసెంబ్లీ దగ్గరి కాఫీ షాపులకు ముందే డబ్బు కట్టేశారు, ధర్నాకు వచ్చినవాళ్లెవరైనా వెళ్లి తాగొచ్చు. మన వంటావార్పు గుర్తొచ్చింది నాకు.

తర్వాతి వారం అధికార పార్టీ ఎంపీల ఫోన్లకు ఊపిరాడలేదు. 14వ తేదీ మళ్లీ పెట్టారు. 204 ఓట్లు. అంటే కనీసం 12 మంది అటునుంచి వచ్చారు. 2025 ఏప్రిల్ 4న న్యాయస్థానం 8-0తో యూన్‌ను తీసేసింది. ఏడో తేదీ ఓడిపోయే తీర్మానం పెట్టకపోతే పద్నాలుగు ఎక్కడిది సార్?

నల్లకోటు_నల్లకుంట:
అమ్మా, మీరు చూసింది చెప్పారు, కాదనను. కానీ అధికార పార్టీ ఆఫీసుల ముందు చావింటికి పంపే పూల చక్రాలు పెట్టారని చదివాను. నిజమేనా? అది విన్నపమా, బెదిరింపా? పైగా సైన్యం అసెంబ్లీలోకి రావడం టీవీలో దేశమంతా చూసింది. అలాంటి సాక్ష్యం ఉంటే ఎవరి ఫోనూ అక్కర్లేదు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌దీ అంతే. 1973 అక్టోబర్‌లో తన మీద కేసు చూస్తున్న ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను తీసేయించినప్పుడు వాషింగ్టన్‌కు టెలిగ్రాములు కుప్పలు పడ్డాయంటారు. ఆయన్ని దించింది టెలిగ్రాములు కాదు, తన ఆఫీసులో తనే రహస్యంగా రికార్డు చేయించిన మాటల టేపులు. 1974 జులైలో సుప్రీంకోర్టు టేపులివ్వమంది, ఆగస్టు 9కి మనిషి కుర్చీలో లేడు.

లెక్కల_టీచర్:
టేపులకోసం అడిగే కమిటీ ఎక్కడినుంచి వచ్చింది సార్? టెలిగ్రాముల తర్వాతే కదా దిగువ సభ జ్యుడీషియరీ కమిటీ కదిలింది. అంతకుముందు 1973 జులైలోనే రాబర్ట్ డ్రైనన్ అనే సభ్యుడు తీర్మానం పెట్టాడు, వృత్తికి క్రైస్తవ మతగురువు. ఎవరూ పట్టించుకోలేదు. ఏడాదికి నిక్సన్ పదవిలో లేడు. (అయితే డ్రైనన్ అడిగిన కంబోడియా బాంబుల ఆరోపణను చివరికి ఆ కమిటీయే 26-12తో కొట్టేసింది. ఇది మీకు ఉపయోగపడే పాయింటే, వాడుకోండి.)

సియోల్_సిద్దిపేట:
పూల చక్రాలు నిజమే సార్. నాకూ నచ్చలేదు.

గన్‌పార్క్_2011:
మీరంతా అమెరికా, కొరియా అంటున్నారు. అన్నా, మనం హైదరాబాద్‌లనే చేసినం కదా ఈ పని. అభిశంసన కాదు, రాజీనామా. తేడా ఉంది, ఒప్పుకుంటా. కానీ కదలని ఎమ్మెల్యేని జనం కదిలించడం అదే.

నేనప్పుడు ఉస్మానియాలో ఎంఏ. 2009 డిసెంబర్ 9న తెలంగాణ ఇస్తమని ప్రకటన వచ్చింది, 23న వెనక్కి పోయింది. అప్పటినుంచి ప్రతి ఊళ్లో ఒకటే మాట, రాజీనామా చెయ్. మొదట్లో నాయకులు చాలా తెలివిగా తప్పించుకున్నరు. పార్టీ అధ్యక్షుడికి రాజీనామా పంపిన అనేటోడొకడు. జేబులో పెట్టుకున్న, టైం వస్తే ఇస్తా అనేటోడొకడు. కారణాలు నాలుగు పేజీలు రాసి ఇచ్చేటోడొకడు, అట్ల రాస్తే చెల్లదని వాళ్లకు తెలుసు. మేం హైదర్‌గూడ క్వార్టర్ల ముందు నిలబడి ఆ కాగితాలు చదివి మోసపోయినం కూడా. చప్పట్లు కొట్టినం, దండలు వేసినం!

తర్వాత జనం నేర్చుకున్నరు. ఊళ్లల్ల చదువురాని అవ్వ కూడా అడిగేది, "స్పీకర్ ఫార్మాట్‌ల ఇచ్చినవా బిడ్డా?" అని. అంటే కారణాలు రాయకుండ నేరుగా స్పీకర్‌కే ఇచ్చే రాజీనామా. ఆ ఒక్క ప్రశ్నకు తప్పించుకునే దారి లేదు. మద్దతు ఇస్తవా అని అడిగితే ప్రతి ఒక్కరూ ఇస్తనే అంటరు. ఫార్మాట్ అడిగితే నీళ్లు నమిలేటోళ్లు. 2010 జులై ఉప ఎన్నికల్లో 12 సీట్లల్ల టీఆర్‌ఎస్‌కు 11, బీజేపీకి 1. కాంగ్రెస్, టీడీపీలకు సున్న. ఆ సున్న చూసినంకనే 2011 జులై 4న పెద్ద పార్టీల ఎమ్మెల్యేలు కూడా వరసగట్టి ఇచ్చిన్రు.

నల్లకోటు_నల్లకుంట:
ఇచ్చారు, అదే నెలలో స్పీకర్ తిరస్కరించారు. అది కూడా చెప్పండి.

గన్‌పార్క్_2011:
చెప్తున్నా కదా సార్. సెప్టెంబర్‌ల సకల జనుల సమ్మె, 42 రోజులు. ఒక్క దెబ్బకు అయింది అని ఎవరన్నరు? బిల్లు పార్లమెంటులో పాసయింది 2014 ఫిబ్రవరిలో.

ఇరానీ_చాయ్:
మా నాన్న 1984 ముచ్చట చెప్పమంటున్నాడు. ఆగస్టు 16న గవర్నర్ ఎన్టీఆర్‌ను దించేస్తే ఎమ్మెల్యేలను జనం ఒత్తిడి చేయడం కాదు, కాపాడుకోవాల్సి వచ్చిందట. కర్ణాటకలో దాచారు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న మళ్లీ సీఎం. ఆయన ఇంకా చాలా చెప్తున్నాడు, నేను టైప్ చేయలేను.

నల్లకోటు_నల్లకుంట:
గన్‌పార్క్ తమ్ముడూ, నీ ఉదాహరణే తిప్పి నీకిస్తాను. 2009 డిసెంబర్ 9 ప్రకటన వచ్చిన మర్నాటి నుంచి మొదట రాజీనామాలు ఇచ్చింది ఆంధ్ర, రాయలసీమ ఎమ్మెల్యేలు. వాళ్ల వెనకా జనమే. ఒత్తిడి అనేది ఒకవైపు నుంచే రాదు. 2021 జనవరి 13న ట్రంప్‌ను రెండోసారి అభిశంసించినప్పుడు ఆయన పార్టీ సభ్యులు పదిమంది అవునని ఓటేశారు. 2022 ఎన్నికల తర్వాత ఆ పదిమందిలో సభలో మిగిలింది ఇద్దరే. నలుగురు పోటీ చేయలేదు, నలుగురిని సొంత పార్టీ ఓటర్లే, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఓడించారు. వాళ్లూ పౌరులే, వాళ్లూ ఫోన్లు చేసినవాళ్లే. కాబట్టి 'జనం మాట వినాలి' అంటే, ఏ జనం?

సియోల్ అమ్మ ఒక ముఖ్యమైన విషయం వదిలేసింది. కొరియాలో అభిశంసన ఓటు రహస్య బ్యాలెట్. ఆ 12 మంది ఎవరో ఖాయంగా తెలియదు కాబట్టే ధైర్యం చేశారు. ప్రతి ఓటూ జనం ముందు పెట్టాలంటే, పార్టీ ముందు కూడా పెట్టినట్టే.

లెక్కల_టీచర్:
ఇది మంచి దెబ్బ. నిన్న రాత్రంతా ఆలోచించాను. నాకు తోచింది ఇది.

1993 మే 11న లోక్‌సభలో జస్టిస్ వి. రామస్వామిని తొలగించే తీర్మానం. మన దేశంలో ఓటింగ్ దాకా వచ్చిన మొదటి జడ్జి అభిశంసన. ఫలితం ఏంటో తెలుసా? అనుకూలం 196. వ్యతిరేకం సున్నా. ఓటు వేయకుండా కూర్చున్నవాళ్లు 205, అధికార పార్టీవాళ్లు. తీర్మానం వీగిపోయింది. ఆయన తప్పు చేయలేదని ఒక్క మనిషీ ఓటేయలేదు, అయినా ఆయన గెలిచాడు. క్లాసులో ఈ లెక్క పిల్లలకు చెప్తే తప్పు చెప్తున్నానని అనుకుంటారు.

ఇప్పుడు చూడండి. రామస్వామి విషయంలో మౌనం, సియోల్‌లో వాకౌట్, అమెరికాలో పక్కన పెట్టే ఓటు. మూడూ ఒకటే. ఎదురు ఓటు వేయకుండానే ఆపడం. ఎలా ఓటేశావో చూపించు అని మనం అడగక్కర్లేదు సార్, రహస్యంగానే ఉండనివ్వండి. సియోల్ జనం అడిగిందేమిటి? లోపలికి వెళ్లు, ఓటెయ్. అంతే కదమ్మా?

సియోల్_సిద్దిపేట:
అవును టీచర్. బయటికి వస్తున్న ఎంపీలను చూసి జనం అరిచింది అదే, తిరిగి లోపలికి వెళ్లమని. ఇంకో ముచ్చట. 2016లో అప్పటి అధ్యక్షురాలు పార్క్ గున్-హే మీద కొవ్వొత్తుల ఊరేగింపులు జరిగేటప్పుడు అధికార పార్టీ ఎంపీ ఒకాయన, గాలి వీస్తే కొవ్వొత్తులు ఆరిపోతాయన్నాడట. ఆ తర్వాత జనం బ్యాటరీ కొవ్వొత్తులు తెచ్చుకున్నారు. డిసెంబర్ 9న 234 ఓట్లు. లెక్కేస్తే ఆమె పార్టీ నుంచే కనీసం 62 మంది.

నల్లకోటు_నల్లకుంట:
టీచర్ గారూ, సగం ఒప్పుకుంటాను. ఓటుకు రమ్మనడం ఒత్తిడే అయినా న్యాయమైనదే. సాక్షిని కోర్టుకు రమ్మని సమన్లు ఇస్తాం, ఏం చెప్పాలో చెప్పం. కానీ బాబాయి గారి అమ్మాయి ఫోన్ చేసి అడుగుతున్నది అది కాదు. దించెయ్ అంటోంది. అక్కడే నా అభ్యంతరం, అది మారలేదు. ఇంకా ఆ 128 మందిలో కొందరైనా 2004 కొరియాను గుర్తుపెట్టుకుని ఉండొచ్చు కదా.

గన్‌పార్క్_2011:
2004 కొరియా కాదు సార్, వచ్చే ఎన్నికలు గుర్తుపెట్టుకుని ఉంటరు.

బర్కత్‌పుర_బాబాయి:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి వాట్సాప్‌లో ఈ చర్చంతా అమ్మాయికి చదివి వినిపించాను. అక్కడ పొద్దున, ఆఫీసుకు వెళ్లే హడావుడిలో ఉంది. నల్లకోటు గారి మాటలకు రెండుసార్లు ఉలిక్కిపడింది, టీచర్ గారి రామస్వామి లెక్క మళ్లీ చదవమంది.

ఇవాళ ఫోన్ చేసిందట. ఈసారి అభిశంసించండి అనలేదు. "మళ్లీ తీర్మానం వస్తే, పక్కన పెట్టే ఓటింగ్‌లో మీ సార్ ఎటు? విచారణ జరగనిస్తారా, జరగనివ్వరా? అవునో కాదో చెప్పండి" అని అడిగిందట. ఆ కుర్రాడు ఎప్పటిలా థాంక్స్ చెప్పి పెట్టేయలేదట. కాసేపు ఆగి, పైవాళ్లను అడిగి చెప్తాను, మీ నంబరివ్వండి అన్నాడట. ఇన్నాళ్లలో మొదటిసారి.

నేను మాత్రం ఇంకా గెలవదనే అంటున్నాను.

గన్‌పార్క్_2011:
బాబాయ్, ఫోన్ల చెప్తే ఒప్పుకోవద్దను చెల్లెను. కాగితం మీద, సంతకంతో. స్పీకర్ ఫార్మాట్‌ల.