జెరాక్సు షాపుకు వెళ్లివచ్చిన పెన్‌డ్రైవ్

ప్రశ్న (రాజోలు)
నాన్నగారి రొయ్యల చెరువుల మేత లెక్కలు, తమ్ముడి చదువు, ఇంటిల్లిపాది ఫొటోలు అన్నీ మా ఇంట్లోని విండోస్ 10 కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మొన్న అడంగల్ ప్రింటు తీయించడానికి జెరాక్సు షాపుకు పట్టుకెళ్లిన పెన్‌డ్రైవ్‌ను తిరిగి వచ్చి పెట్టగా, ప్రతి ఫోల్డర్ మీదా చిన్న బాణం గుర్తు కనిపించింది. కంగారులో ఒకదాన్ని నొక్కేశాను. డబ్బు పెట్టి యాంటీవైరస్ కొంటే సరిపోతుందా, లేక అంతా ఫార్మాట్ చేయించాలా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (అమలాపురం)
ఫార్మాట్‌కు తొందరపడకండి. బాణం గుర్తున్నవి మీ ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు. వైరస్ అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతోనే వీటిని పెడుతుంది. నొక్కగానే ముందు అది నడుస్తుంది, ఆ వెంటనే అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. మీరు నొక్కారు కాబట్టి అది కంప్యూటర్‌లోకి చేరిందనే అనుకోవాలి. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్‌ను అప్‌డేట్ చేసి, అందులోని ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది గనుక వైరస్‌కు దాక్కునే వీలు తక్కువ. తరువాత పెన్‌డ్రైవ్‌ను కూడా స్కాన్ చేసి, దాచిన ఫైళ్లు కనిపించేలా సెట్టింగ్ మార్చుకుని, మీకు కావలసినవి కాపీ చేసుకున్నాక దాన్ని మాత్రం ఫార్మాట్ చేయండి. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లను ఫోన్ నుంచి మార్చుకోవడం మంచిది.

జవాబు 2 (పి.గన్నవరం దగ్గరి లంక)
యాంటీవైరస్ కొనడం తప్పని నేను అనను గానీ, దాన్ని మన చేత్తోనే ఆపేస్తే ఎంత ఖరీదుదైనా ఒకటే. పెళ్లి శుభలేఖ కొట్టుకుందామని నేను తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ) ఒకటి దింపాను. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమని అందులోనే రాసి ఉంది, బుద్ధిగా ఆపాను. సాయంత్రానికి ఏ ఫొటో తెరవబోయినా తెరుచుకోలేదు. పేర్ల చివర ఏదో కొత్త తోక తగిలింది, ప్రతి ఫోల్డర్‌లోనూ డబ్బు కట్టమని ఒక చీటీ ఉంది. అప్పుడే కంప్యూటర్‌కు తగిలించి ఉన్న హార్డ్‌డిస్కు కూడా పోయింది. వరదకు భయపడి పొలం కాగితాలతో పాటు అటక మీద పెట్టిన పాత డిస్కు ఒక్కటే మిగిలింది. కాపీ తీయగానే వైరు పీకి పక్కన పెట్టండి, లేకపోతే అది కాపీ కింద లెక్క కాదు.

జవాబు 3 (తణుకు)
ఒక సంగతి ఎవరూ అడగలేదు. విండోస్ 10కు మామూలు సపోర్టు, అంటే మైక్రోసాఫ్ట్ అందరికీ పంపే సెక్యూరిటీ అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లను పట్టుకున్నప్పుడు, అది దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు విడుదల చేసి ఉంది; అప్‌డేట్ చేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు. మీ యంత్రం విండోస్ 11కు పనికొస్తే మారండి. లేదంటే పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు (రాజోలు)
అందరికీ కృతజ్ఞతలండి. ఆఫ్‌లైన్ స్కాన్‌లో రెండు దొరికాయి, వాటిని తీసేశాను. లెక్కలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి, నాన్నగారి బీరువాలో పెట్టాను. జెరాక్సు షాపు ఆయనకు విషయం చెబితే, “అందరి పెన్‌డ్రైవ్‌లూ అలాగే ఉంటాయి బాబూ, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటాయి” అన్నారు. ఇకమీదట ప్రింటు తీయించాల్సింది ఆయనకు మెయిల్‌లో పంపిస్తాను.