షాపిరోని తీసుకుని ఉంటే కమల గెలిచేదా? అసలు రన్నింగ్ మేట్ ని చూసి ఓటేసేదెవరు?

ఏలూరు_టు_ఎక్స్‌టన్:
నిన్న మా ఇంట్లో పాట్‌లక్ లో మళ్ళీ ఇదే రచ్చ, ఎవరూ తగ్గలేదు, అందుకే ఇక్కడ పడేస్తున్నా. 2024 జులై 21న బైడెన్ అమెరికా ప్రెసిడెంట్ పోటీ నుంచి తప్పుకున్నాడు, ఆయన బదులు దిగిన కమలా హారిస్ కి రన్నింగ్ మేట్ ని, అంటే వైస్ ప్రెసిడెంట్ అభ్యర్థిని, వెతుక్కోడానికి గట్టిగా రెండు వారాలు. చివరికి ముఖ్యంగా ఇద్దరు మిగిలారు, మిన్నెసోటా గవర్నర్ టిమ్ వాల్జ్, మా పెన్సిల్వేనియా గవర్నర్ జోష్ షాపిరో. ఆగస్టు 6న వాల్జ్ తో స్టేజ్ ఎక్కింది, అదీ ఫిలడెల్ఫియాలో సభ పెట్టి మరీ, ఆ సభలో షాపిరో మైక్ పట్టుకుని వాళ్ళిద్దరి కోసం అరవాల్సి వచ్చింది. పెళ్ళిచూపులు ఇతనికి, పెళ్ళి వేరేవాడికి, పైగా వడ్డన కూడా నువ్వే చెయ్యి అన్నట్టు.

మిన్నెసోటా 1976 నుంచి ప్రతిసారీ డెమోక్రాట్లకే పడుతోంది, దానికి కాపలా ఎందుకండీ? పెన్సిల్వేనియాలో 19 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రం గెలిచినవాడికి గుత్తగా పోయేవి), పోయింది సుమారు 1,20,000 ఓట్ల తేడాతో. షాపిరో 2022లో ఇక్కడ దాదాపు 15 పాయింట్లతో గెలిచాడు. 2023 జూన్ లో ఫిలడెల్ఫియాలో ఐ-95 మీద బ్రిడ్జి ముక్క కూలిపోతే 12 రోజుల్లో రోడ్డు తెరిపించాడు, ఆ 12 రోజులూ నేను ట్రాఫిక్ లో కూర్చుని ఆయన్ని తిట్టుకున్నవాణ్ని, తెరిచిన రోజు నోరు మూసుకున్నా. రిపబ్లికన్లకి ఓటేసే నా కొలీగ్స్ కూడా ఆయన పేరెత్తితే పర్లేదు అనేవాళ్ళు. ఇంత మనిషిని పక్కనపెట్టడం స్ట్రాటజీయా?

ఓట్ల_గుమాస్తా:
బాబూ ముందు కూడికలు చేద్దాం. కమలకి వచ్చినవి 226, కావాల్సినవి 270. షాపిరో వచ్చి పెన్సిల్వేనియా తెచ్చాడే అనుకో, 226 ప్లస్ 19, 245. ఇంకా 25 తక్కువ. మిషిగన్ 15, విస్కాన్సిన్ 10 కూడా వస్తేనే సరిగ్గా 270, ఒక్కటి కూడా మిగలదు. మిషిగన్ సుమారు 80,000 తేడాతో పోయింది, విస్కాన్సిన్ సుమారు 29,000. పెన్సిల్వేనియా గవర్నర్ విస్కాన్సిన్ లో పాలు పోసుకునే రైతుకి ఏమవుతాడు?

పైగా అప్పుడు మిషిగన్ లో గాజా విషయం మండిపోతోంది. అరబ్బులు ఎక్కువున్న అక్కడి డియర్‌బోర్న్ లో ఆ ఎన్నికలో ట్రంప్ కి కమల కంటే ఎక్కువ పడ్డాయి. షాపిరో మీద అప్పటికే పార్టీలో లెఫ్ట్ వాళ్ళకి ఆ విషయంలోనే కోపం. అంటే ఇక్కడ 19 కోసం పోయి అక్కడ 15 కి ఇంకా నీళ్ళొదులుకోవడం. ఇది లెక్క, నాకు వాల్జ్ మీద ప్రేమేం లేదు.

మూడోబెంచి:
గుమాస్తా గారూ మీరు ఎప్పుడూ ఇంతే, చివర్లో వచ్చిన ఫలితం పట్టుకుని మొదట్లో తీసుకున్న నిర్ణయానికి మార్కులేస్తారు. ఆగస్టులో ఎవడికి తెలుసు ఎటైనా తిరిగే ఏడు స్వింగ్ స్టేట్లూ పోతాయని? అప్పుడు ఏ సర్వే చూసినా అరపాయింటు ఇటూ అటూ, అలాంటప్పుడు 19 ఓట్లున్న రాష్ట్రంలో ఒక్క పాయింటు దొరుకుతుందంటే ఎగిరి పట్టుకోవాలి.

రన్నింగ్ మేట్ రాష్ట్రాన్ని తేలేడు అంటారేమో, 1960 గుర్తు చేస్తా. కెనెడీ బోస్టన్ అబ్బాయి, క్యాథలిక్, సౌత్ లో ఆయన్ని చూస్తేనే అనుమానం. టెక్సస్ నుంచి లిండన్ జాన్సన్ ని పెట్టుకున్నాడు, టెక్సస్ 24 ఓట్లు సుమారు 46,000 తేడాతో వచ్చాయి. జాన్సన్ ఎంత గడుసంటే అదే ఎన్నికలో టెక్సస్ లో సెనేట్ కి కూడా పోటీ చేశాడు, ఇది పోతే అది ఉంటుందని. రెండూ గెలిచాడు.

ఓట్ల_గుమాస్తా:
కెనెడీకి 303 వచ్చాయి. టెక్సస్ 24 తీసేస్తే 279. అప్పుడు కావాల్సింది 269. టెక్సస్ లేకపోయినా గెలిచేవాడు.

మూడోబెంచి:
టెక్సస్ ఒక్కటే తీసేసి ఆగిపోతారేం? జాన్సన్ రైలేసుకుని సౌత్ అంతా తిరిగాడు, ఊరూరా స్టేషన్ లో ఆగి మాట్లాడాడు. నార్త్ కెరొలైనా 14, సౌత్ కెరొలైనా 8, రెండూ బొటాబొటీగా వచ్చినవే. 279 లోంచి 14 తియ్యండి, 265. అయిపోయింది కథ.

ఓట్ల_గుమాస్తా:
సరే 1960 ఇచ్చేస్తున్నా, తీసుకోండి. ఆ తర్వాత చెప్పండి మరి. 1988లో డెమోక్రాట్ అభ్యర్థి డుకాకిస్ ఇదే ఫార్ములా కాపీ కొట్టాడు, బోస్టన్ ప్లస్ టెక్సస్, లాయిడ్ బెంట్సన్ ని పెట్టుకున్నాడు. బెంట్సన్ డిబేట్ లో అవతలి బుష్ రన్నింగ్ మేట్ డాన్ క్వేల్ ని నువ్వు జాక్ కెనెడీవి కాదు అని అందరి ముందూ కడిగేశాడు, జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. టెక్సస్ వచ్చిందా? బుష్ ఎత్తుకెళ్ళాడు. కడిగించుకున్న క్వేల్ వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు. 2004లో ఎడ్వర్డ్స్ ఉండి నార్త్ కెరొలైనా రాలేదు, 2012లో పాల్ రయన్ ఉండి విస్కాన్సిన్ రాలేదు. జనం ఓటేసేది పెళ్ళికొడుకుని చూసి, తోడుపెళ్ళికొడుకుని చూసి కాదు.

ఏలూరు_టు_ఎక్స్‌టన్:
2000 సంవత్సరం గురించి మాత్రం మాట్లాడరు చూడండి. డెమోక్రాట్ అభ్యర్థి అల్ గోర్ ఫ్లోరిడాలో పోగొట్టుకుంది 537 ఓట్లు. ఐదొందల ముప్పై ఏడు! ఫ్లోరిడా సెనేటర్ బాబ్ గ్రాహమ్ అప్పుడు లిస్టులో ఉన్నాడు, అంతకుముందు అక్కడే రెండుసార్లు గవర్నర్ చేసినవాడు. ఆయన్ని కాదని కనెక్టికట్ నుంచి లీబర్‌మన్ ని తెచ్చుకున్నాడు. 537 ఓట్లు గ్రాహమ్ చుట్టపక్కాలే వేసేవాళ్ళు. దీనికి ఏ లెక్క చెప్తారు?

ఓట్ల_గుమాస్తా:
దీనికి చెప్పను. ఇది నిజమే. కానీ గోర్ సొంత రాష్ట్రం టెనెసీ వచ్చినా ఫ్లోరిడాతో పని లేకుండా గెలిచేవాడు, అక్కడ అభ్యర్థి ఆయనే కదా, ఆయనే తెచ్చుకోలేకపోయాడు. సొంతూరు ఓట్ల మహిమ అంతే.

డల్లాస్_బాబాయ్:
మీరంతా డెమోక్రాట్ల కొంపలో కూర్చుని ఏడుస్తున్నారు, ఇవతల వైపు కూడా చూడండ్రా. ట్రంప్ మీద బట్లర్ లో కాల్పులు జరిగింది జులై 13, రెండ్రోజుల్లో మిల్వాకీ పార్టీ కన్వెన్షన్ టైంలో రన్నింగ్ మేట్ గా జె.డి. వాన్స్ పేరు చెప్పాడు. వాన్స్ ది ఒహాయో, అది ఎలాగూ ట్రంప్ జేబులోదే. అప్పటికి బైడెన్ డిబేట్ లో తేలిపోయాడు, గెలుస్తాం అన్న ధీమా ఉంది, కాబట్టి ఓట్లు తెచ్చేవాణ్ని కాదు, తన తర్వాత బండి లాగేవాణ్ని పెట్టుకున్నాడు. 2016లో ఇదే వాన్స్ ట్రంప్ ని నానా మాటలన్నాడు, అది వేరే సంగతి.

ఫ్లోరిడా సెనేటర్ మార్కో రూబియో పేరు కూడా నలిగింది కానీ ట్రంప్ ది, ఆయనదీ ఫ్లోరిడానే అయిపోయింది. ఒక రాష్ట్రం ఎలక్టర్లు తమ రాష్ట్రం వాళ్ళిద్దరికీ కలిపి ఓటెయ్యకూడదని రాజ్యాంగంలో ఉంది, ఫ్లోరిడా 30 ఓట్లు అలా చిక్కుల్లో పడేవి. 2000లో బుష్ రన్నింగ్ మేట్ డిక్ చేనీ మా డల్లాస్ లోనే ఉండేవాడు, బుష్ ది కూడా టెక్సస్, అందుకని ఎన్నికల ముందు పోయి వయోమింగ్ లో ఓటు రాయించుకున్నాడు. రన్నింగ్ మేట్ ని వెతికిపెట్టమని ఆయనకి పని అప్పజెప్తే వెతికి వెతికి ఆయనే అయ్యాడు, మన సంబంధాలు చూసే పేరయ్యలు ఎవరూ ఇంత తెలివి చూపించలేదు.

గోదారిగట్టు:
వాన్స్ అనగానే మా వైపు చెప్పాలిగా. వాళ్ళావిడ ఉష చిలుకూరి పూర్వీకులది పశ్చిమ గోదావరిలో వడ్లూరు, మాకు దగ్గరే. గెలిచినప్పుడు ఊళ్ళో జనం సంబరం చేసుకున్నారు, టీవీ వాళ్ళొచ్చి రోడ్డు మీద కనపడ్డవాడి నోట్లో మైకు పెట్టారు. 2025 ఏప్రిల్ లో కుటుంబంతో ఇండియా వచ్చి ఢిల్లీ, జైపూర్, ఆగ్రా చూసుకుని వెళ్ళిపోయారు, వడ్లూరు రాలేదు. ఆవిడ పుట్టింది పెరిగింది కాలిఫోర్నియాలో, రావాలని రూలేం లేదు లెండి. నాకు తెలియాల్సింది ఒకటే, అక్కడ తెలుగువాళ్ళెవరైనా ఆవిడని చూసి ఓటేశారా?

డల్లాస్_బాబాయ్:
మా ఇంట్లోనే ఓటు చీలింది నాయనా. మా ఆవిడ కమలకి, నేను అటు. ఉష మనమ్మాయే అని ఇద్దరం సంతోషపడ్డాం, ఆవిడ కన్వెన్షన్ లో మా ఆయన నా శాకాహారానికి అలవాటు పడి మా అమ్మ దగ్గర వంట నేర్చుకున్నాడు అని చెప్తే మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఓటు మాత్రం ఎవరిది వాళ్ళదే.

మూడోబెంచి:
మన దగ్గర డిప్యూటీ సీఎం పోస్టు లాంటిదే కదా ఇదంతా. 2019లో జగన్ ఐదుగురిని పెట్టాడు, కులానికొకరు చొప్పున.

గోదారిగట్టు:
అది గెలిచాక పంచిన ప్రసాదం, ఇది గెలవక ముందు పెట్టే నైవేద్యం. పోలిస్తే పవన్ తో పోల్చండి, 2023 సెప్టెంబర్ లో రాజమండ్రి జైలు బయట నిలబడి పొత్తు అన్నాడు, 2024లో 21 కి 21 కొట్టాడు. కానీ ఆయన తన పార్టీ, తన ఓటు మోసుకుని వచ్చాడు. వాల్జ్ కి సొంతంగా ఏముంది పాపం, ఫుట్‌బాల్ కోచ్ అన్న పేరు తప్ప.

సన్నజాజి:
అందరూ ఓట్ల దగ్గరే తిరుగుతున్నారు, ఆ కుర్చీ ఎందుకు ఉందో ఒక్కరూ అనట్లేదు. ఇప్పటిదాకా ప్రెసిడెంట్ చనిపోయో రాజీనామా చేసో తొమ్మిది మంది వైస్ ప్రెసిడెంట్లు ఆ సీట్లోకి వెళ్ళారు. 1944లో రూజ్‌వెల్ట్ ఆరోగ్యం బాలేదని పార్టీలో పెద్దలకి తెలుసు, అందుకే అప్పటి వైస్ ప్రెసిడెంట్ వాలెస్ ని తప్పించి ట్రూమన్ ని పెట్టడానికి అంత కొట్టుకున్నారు. ప్రమాణం చేసిన 82 రోజులకే ఆయన ప్రెసిడెంట్, ఆ 1945 ఆగస్టులోనే జపాన్ మీద అణుబాంబులు. షాపిరోనా వాల్జా అన్నప్పుడు రేపు ఆ గదిలో ఎవరు కూర్చోగలరు అని మీలో ఒక్కరైనా ఆలోచించారా?

ఇంకోటి, మంచివాడు దొరకడం వల్ల లాభం తక్కువ కానీ తప్పు మనిషి దొరికితే నష్టం మాత్రం చాలా ఎక్కువ. 1972లో డెమోక్రాట్ అభ్యర్థి మెక్‌గవర్న్ హడావిడిగా ఈగల్టన్ ని పెట్టుకున్నాడు, ఆయన గతంలో డిప్రెషన్ కి షాక్ ట్రీట్‌మెంట్ తీసుకున్నాడని బయటపడింది, వెయ్యి శాతం ఆయన వెంటే ఉన్నానన్నాడు మెక్‌గవర్న్, పేరు పెట్టిన 18 రోజులకి ఆయన్ని తప్పించారు. జబ్బు చేసినవాడి తప్పేముంది అందులో, ముందే అడగనివాళ్ళది కానీ. ఆ ఎన్నికలో మెక్‌గవర్న్ కి మిగిలింది మసాచుసెట్స్, డీసీ. అందుకే రెండు వారాల్లో ఎంచుకోవాలంటే ఎవరైనా పేచీ లేనివాణ్ని వెతుక్కుంటారు. కమల తర్వాత రాసుకున్న పుస్తకంలో తన మొదటి ఛాయిస్ బైడెన్ రవాణా మంత్రి పీట్ బూటిజజ్ అని, రిస్క్ ఎక్కువనిపించి వదిలేశానని చెప్పుకుంది. అంటే మీరు కొట్టుకుంటున్న ఇద్దరిలో ఎవరూ ఆవిడ మనసులో ఫస్ట్ కాదు.

డల్లాస్_బాబాయ్:
ఇది బాగా చెప్పావమ్మా. ఇంకో ముక్క, తెచ్చుకున్న వాల్జ్ ని కూడా వాడుకోలేదు. రిపబ్లికన్లని వీళ్ళు విచిత్రం మనుషులు అని టీవీలో అన్న ఒక్క మాటతో పేరొచ్చింది ఆయనకి, తీసుకున్నాక ఆ నోరే కట్టేశారు. అక్టోబర్ 1 డిబేట్ కి వస్తే బిగుసుకుపోయాడు, ఎప్పుడు వెళ్ళాడో తప్పు చెప్పుకున్న పాత హాంకాంగ్ ట్రిప్ గురించి అడిగితే నీళ్ళు నమిలాడు. మేం మరీ జాగ్రత్తపడ్డాం అని ఓడాక ఆయనే ఒప్పుకున్నాడు. కూరలో కరివేపాకు అంటారే, అదీ కథ.

ఓట్ల_గుమాస్తా:
ఏలూరు గారూ మీరు పెన్సిల్వేనియాలో ఉన్నారు కదా, ఇళ్ళకి తిరిగారా ఎన్నికలప్పుడు? తలుపు తీసినవాళ్ళలో ఎంతమంది వాల్జ్ పేరెత్తారు?

ఏలూరు_టు_ఎక్స్‌టన్:
తిరిగాను, అక్టోబర్ లో రెండు శనివారాలు బక్స్ కౌంటీలో, 1988 తర్వాత మొదటిసారి రిపబ్లికన్ కి పోయిన కౌంటీ అది. నిజం చెప్పాలంటే ఒకే ఒక్కడు ఎత్తాడు, డెబ్బై ఏళ్ళుంటాయి, గ్యారేజ్ లో ఆకులు ఊడ్చే బ్లోవర్ విప్పి నట్లూ బోల్టులూ పేపర్ మీద వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. నా చేతిలో కాగితం చూసి, ఆ కోచ్, మంచివాడే అన్నాడు. హమ్మయ్య అనుకున్నా. వెంటనే జేబులోంచి గ్రాసరీ బిల్లు తీసి గుడ్ల రేటు మీద వేలు పెట్టి దీనికి మీ కోచ్ ఏం చేస్తాడు అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, మంచినీళ్ళు ఇచ్చి పంపించాడు.

అయినా నేను ఒప్పుకోను, షాపిరో పేరు చెప్పి ఉంటే ఆ బ్రిడ్జి కబుర్లతో ఇంకో రెండు నిమిషాలు నిలబడేవాణ్ని అక్కడ.

ఓట్ల_గుమాస్తా:
రెండు నిమిషాలు, 1,20,000 తలుపులు. మీకు ఎన్ని శనివారాలు కావాలో లెక్కేసి చెప్తా ఉండండి.