ఊళ్లోని పెద్దవాళ్లకు పింఛను, ఆరోగ్య కార్డు దరఖాస్తుల్లో సాయం చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (నిజాంపట్నం ప్రాంతం, బాపట్ల జిల్లా)

అందరికీ నమస్కారం. ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేశాక సొంతూరిలోనే ఉంటున్నాను. మా వీధిలోని పెద్దవాళ్లు ఫోనులో ఏదో ఒకటి చూసిపెట్టమని వస్తుంటారు, మాటలు చివరికి పింఛను దగ్గరికే చేరతాయి. తెలిసినంతలో చెబుతున్నాను గానీ, సగం తెలిసి చెప్పే మాటతో వాళ్లు బస్సెక్కి మండల కేంద్రం దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగి రావడం నాకు ఇష్టం లేదు. అందుకే అనుభవమున్నవారిని అడుగుతున్నాను.

ప్రస్తుతం నా ముందు మూడు విషయాలున్నాయి. ఒక పెద్దమ్మకు భర్త లేరు. ఆధార్‌లో ఆమె 1969లో పుట్టినట్టు ఉంది, కానీ ఆమె పెద్దకొడుక్కే యాభై ఏళ్లు దాటాయి. అరవై నిండలేదని చెప్పి ఆమెను రెండేళ్లుగా తిప్పి పంపుతున్నారు. రెండో వ్యక్తి సముద్రం మీద వేటకు వెళ్లి, నడుము దెబ్బతిని మానేసిన బాబాయి. ఆయన పేరు మీద సైకిల్ తప్ప మరే వాహనమూ లేదు, అయినా నాలుగు చక్రాల వాహనం ఉందని అనర్హుడిగా చూపిస్తోంది. మూడోవారు డెబ్బై నాలుగేళ్ల మాస్టారు గారి భార్య. తెల్ల కార్డు లేదు కనుక ప్రభుత్వ ఆరోగ్య పథకం ఏదీ తమకు వర్తించదని ఆ ఇంట్లో అందరూ నమ్ముతున్నారు.

ఇలాంటివారికి ఏ పథకం వర్తిస్తుందో ముందుగా ఎలా తెలుసుకోవాలి? వాళ్ల తరఫున మనం ఎంతవరకు కల్పించుకోవచ్చు?

సమాధానం (మండల పరిషత్ కార్యాలయ విశ్రాంత ఉద్యోగి, గుంటూరు)

అమ్మా, దరఖాస్తు ఫారం సంగతి ఆఖరున చూద్దాం. ఆ మనిషి గురించి ప్రభుత్వ రికార్డులో ఏముందో ముందు చూడండి. ఇన్నేళ్లలో నేను చూసిన తిరస్కరణల్లో ఎక్కువ శాతం పేదరికం లేకపోవడం వల్ల జరిగినవి కావు, రికార్డులో ఆ మనిషి వేరేవాళ్ల ఇంట్లో ఉన్నట్టు నమోదై ఉండటం వల్ల జరిగినవి.

మీ బాబాయి గారి సమస్య సరిగ్గా అదే అయి ఉంటుంది. గ్రామ సచివాలయంలో హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అని ఒకటి ఉంటుంది, అంటే ఏ ఇంట్లో ఎవరెవరు ఉన్నారన్న నమోదు. అందులో ఆయన కొడుకు కుటుంబంతో కలిసి ఉంటే, కొడుకు ఎక్కడో పట్నంలో కొనుక్కున్న కారు ఈయన ఖాతాలో కూడా పడుతుంది. కారు ఒక్కటే కాదు, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం, మూడెకరాలు మించిన మాగాణి లేదా పదెకరాలు మించిన మెట్ట, ఇవన్నీ కుటుంబం మొత్తానికి కలిపి లెక్కిస్తారు. కాబట్టి ఆయన ఆధార్ నంబరుతో మ్యాపింగ్ ఎవరితో ఉందో, ఏ అంశం దగ్గర ఆగిందో చూసి చెప్పమని సచివాలయంలోని డిజిటల్ అసిస్టెంట్ అనే ఉద్యోగిని అడగండి. పెళ్లయిన కొడుకు కుటుంబం, తల్లిదండ్రులు ఒకే బియ్యం కార్డులో ఉంటే కార్డు విభజనకు సచివాలయంలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొడుకు కారు ట్యాక్సీగా రిజిస్టరై ఉంటే దానికి మినహాయింపు ఉంది, ఆర్‌సీ నకలు చూపించాలి. మత్స్యకారులకు పింఛను వయసు అరవై కాదు, యాభైయే. చేనేత, కల్లుగీత కార్మికులకూ, గిరిజనులకూ అంతే. ఆ కోవలో అడిగితే ఆయనకు అరవై నిండాయని చూపించే అవసరం ఉండదు.

ఇక పెద్దమ్మ గారి సంగతి. ఆమెను వృద్ధాప్య పింఛనుకు ఎందుకు పంపుతున్నారు? భర్త లేని స్త్రీకి వితంతు పింఛనుంది, దానికి పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే చాలు. ఎన్టీఆర్ భరోసా అనే మన రాష్ట్ర పింఛను పథకంలో 2024 నుంచి రెండింటికీ మొత్తం ఒకటే, నెలకు 4,000 రూపాయలు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మార్చుకోవడానికి ఆమె వద్ద బడి సర్టిఫికెట్ లాంటి రుజువేదీ ఉండదు, ఆ దారిలో ఏళ్లు గడిచిపోతాయి. ఆమెకు కావలసిందల్లా భర్త మరణ ధ్రువీకరణ పత్రం. మరణం అప్పట్లో నమోదు కాకుండా ఏడాది దాటిపోయి ఉంటే ఆర్డీవో కార్యాలయం నుంచి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆయన పింఛను తీసుకుంటూ మరణించి ఉంటే మాత్రం తప్పకుండా చెప్పండి, ఆ పింఛను భార్యకు మార్చే వెసులుబాటు విడిగా ఉంది.

ఒక్క మాట మాత్రం వాళ్లకు ముందే స్పష్టంగా చెప్పండి. కొత్త పింఛన్ల నమోదు ఏడాది పొడవునా జరగదు, ప్రభుత్వం అవకాశం ఇచ్చినప్పుడే సచివాలయంలో తీసుకుంటారు. ఆ అవకాశం వచ్చేనాటికి కాగితాలన్నీ ఒక కవరులో సిద్ధంగా ఉండాలి. వాటిలో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో మీరే దగ్గరుండి చూడండి. ఆధార్‌లో సుబ్బమ్మ, బ్యాంకు పుస్తకంలో సుబ్బాయమ్మ, బియ్యం కార్డులో ఇంటిపేరు లేని ఉత్త సుబ్బమ్మ, ఇలా ఉంటుంది సాధారణంగా. చూడటానికి చిన్న తేడాయే, కానీ దాని కోసం మళ్లీ మొదటికి రావాలి.

సమాధానం (ఖమ్మం నుంచి, వృద్ధుల సేవలో ఉన్న స్వచ్ఛంద కార్యకర్త)

పెద్దలు చెప్పిన పింఛను నిబంధనలు ఆంధ్రప్రదేశ్‌వి. తెలంగాణలో చేయూత పేరుతో నడుస్తున్న ఆసరా పింఛను వృద్ధులకు 2,016 రూపాయలు, వయసు 57 ఏళ్లు. మా దగ్గర దరఖాస్తులు ఎంపీడీవో, మున్సిపల్ కార్యాలయాలకు వెళ్తాయి. ఇది చదివే తెలంగాణ వారు ఆ తేడా గమనించాలని రాస్తున్నాను.

మాస్టారు గారి భార్య విషయంలో రెండు రాష్ట్రాల వారికీ ఒకటే జవాబు. డెబ్బై ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి ఐదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స వర్తించేలా కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో వయవందన కార్డు తెచ్చింది. తెల్ల కార్డుతో దీనికి సంబంధం లేదు, వయసును ఆధార్ ప్రకారం చూస్తారు. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటినవారైతే ఆ ఐదు లక్షలు ఇద్దరికీ కలిపి. ఆయుష్మాన్ యాప్‌లో మీరే నమోదు చేయవచ్చు, సందేహాలుంటే 14555కు ఫోన్ చేయవచ్చు. చేతిలో కార్డు ఉన్నా, చేరబోయే ఆసుపత్రి ఈ పథకంలో ఉందా, ఆ జబ్బుకు అక్కడ చికిత్స ఉందా అన్నది అక్కడి పథకం కౌంటరులో ముందే అడగాలి. అత్యవసరంలో అర్ధరాత్రి అడిగే కంటే ఇప్పుడే, ఆరోగ్యంగా ఉండగానే అడిగి రాసిపెట్టుకోవడం మేలు.

చేతికర్ర, వినికిడి యంత్రం, చక్రాల కుర్చీ, కట్టుడు పళ్లు వంటివి కావలసినవారికి రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. 2017 ఏప్రిల్‌లో ఆ పథకాన్ని ప్రారంభించింది మీ రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలోనే. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న వృద్ధులకు శిబిరాలు పెట్టి, పరీక్షించి, ఉచితంగా ఇస్తారు. శిబిరం ఎప్పుడన్నది జిల్లా కేంద్రంలోని విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కోవాలి. ఎవరిని అడగాలో అసలు తోచనప్పుడు 14567కు చేయండి. అది వృద్ధుల కోసమే ఉన్న జాతీయ ఉచిత సహాయవాణి, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది.

సమాధానం (న్యాయవాది, తెనాలి)

ఎంతవరకు కల్పించుకోవచ్చని మీరు అడిగిన ప్రశ్న నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా తోచింది. కాగితం చూసే ముందు ఆ పెద్దమనిషితోనే మాట్లాడండి, పక్కనున్న కొడుకుతోనో కోడలితోనో కాదు. ఆధార్ నకళ్లు మీ దగ్గర ఉంచుకోవద్దు. ఓటీపీ వచ్చినప్పుడు అది దేనికోసం వచ్చిందో వాళ్లకు చెప్పి, వాళ్ల ఎదుటే వాడండి. మీరు మంచి ఉద్దేశంతోనే చేస్తారు, కానీ ఫోను మరొకరి చేతిలో పెట్టడం వాళ్లకు అలవాటైతే, రేపు డబ్బు అడిగే దళారి వచ్చినప్పుడూ అలాగే ఇచ్చేస్తారు.

కార్డు విడదీయడం గురించి పైన రాశారు. అలా అడిగేటప్పుడు కొన్ని ఇళ్లలో అసలు సంగతి బయటపడుతుంది. పొలం రాయించుకుని, తర్వాత తిండి కూడా పెట్టని పిల్లలున్న ఇళ్లు అవి. అక్కడ పింఛనుతో పాటు 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం గురించి కూడా చెప్పండి. ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు తెల్ల కాగితం మీద అర్జీ ఇవ్వవచ్చు, తాము వెళ్లలేకపోతే నమ్మిన మనిషి ద్వారా పంపవచ్చు. నెలకు పదివేల రూపాయల వరకు భరణం ఇప్పించే అధికారం ఆ ట్రిబ్యునల్‌కు ఉంది, నోటీసు అందిన తర్వాత 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే, 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. అయితే అర్జీ పెట్టాలా వద్దా అన్నది పూర్తిగా వాళ్ల నిర్ణయం. చాలామంది తల్లులు పెట్టరు, వారిని ఒత్తిడి చేయకండి.

ప్రశ్న వేసినవారు

మీ అందరికీ నా కృతజ్ఞతలు. వితంతు పింఛను సంగతి వినగానే పెద్దమ్మ ట్రంకుపెట్టె తీసి భర్త మరణ పత్రం తెచ్చి చూపించారు, అది అక్కడే భద్రంగా ఉంది. మరొక్క సందేహం. మిరప కోతలకు వెళ్లే ఒకామెకు వేలిముద్రలు అరిగిపోయి మెషీన్ మీద పడటం లేదు. ఆమెకు కంటి ఆపరేషన్ కూడా అయింది. సచివాలయంలో కూడా అర్జీ తీసుకోకపోతే ఏం చేయాలి?

సమాధానం (విశ్రాంత ఉద్యోగి, గుంటూరు)

అమ్మా, వేలిముద్ర పడకపోతే కనుపాప, అదీ కాకపోతే ముఖం ద్వారా గుర్తించే ఏర్పాటుంది, ఆ మాట అక్కడ గట్టిగా అడగమనండి. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్‌లు మళ్లీ నమోదు చేయిస్తే చాలామందికి పడతాయి. పొద్దున్నే పనికి వెళ్లకముందు, చేతులు కడుక్కుని తుడుచుకున్నాక ప్రయత్నించమనండి.

అర్జీ తీసుకోకపోతే వాదనకు దిగకండి. సోమవారం నాడు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, లేదా 1100కు ఫోన్ చేసి నమోదు చేయించండి. రెండు చోట్లా అర్జీకి నంబరు ఇస్తారు. ఆ నంబరును తేదీతో సహా పెద్ద అక్షరాలతో ఆమె బియ్యం కార్డు అట్ట లోపలి వైపు రాసిపెట్టండి.